వెయిటింగ్ లిస్టు, నంబరు ఒకటి

ఫారంలో ఆఖరి పేజీ:
మీ బిడ్డను గురించి మీ సొంత మాటల్లో రాయండి.
నాయిన పెన్ను మూత తీసి
మళ్ళీ పెట్టి, మళ్ళీ తీసినాడు.
పలమనేరు పాల సెంటర్లో
ఇరవై ఏండ్లుగా ఆయన రాసినవన్నీ అంకెలే,
వెన్న ఎంత, డిగ్రీ ఎంత, లీటరుకు ఎంత.
నన్ను పైనించి కిందికి ఒకసారి చూసి
"అబద్ధం చెప్పదు" అని రాసినాడు.
ఇంకా తొమ్మిది గీతలు మిగిలిపోతే
"చీకటికి భయపడదు" అని కూడా.
అది మాత్రం నిజం కాదు.

రుహీనా వాళ్ళ అమ్మీ
పేజీ చాలక వెనకపక్క కూడా రాసిందంట.

మా ఇద్దరికీ ఒకటే గైడు.
సోమ, బుధ, శుక్ర నాది,
మంగళ, గురు, శని దానిది.
ఆదివారం ఎవరిదో తేలక
బస్టాండు వెనక టైలరంగడి మెట్లమీద
ఇద్దరమూ కలిసి చదివేవాళ్ళం.
ఒక తొట్టిని రెండు కొళాయిలు నింపుతాయి,
మూడోది ఖాళీ చేస్తుంది.
"ఆ మూడోదాన్ని కట్టేస్తే పోలా?" అనేది రుహీనా.
జవాబుల పేజీ చింపి దాచిపెట్టింది,
నేను చూస్తానని.
నేను చూసేదాన్నే.

పుంగనూరు దాటినాక, మదనపల్లె ఇంకా రాకముందు
ఎర్రమట్టి దారొకటి ఎడంపక్కకు తిరుగుతుంది.
కానుగ చెట్లు, గేటు,
గేటు ముందర బెంగుళూరు నంబరు కార్లు.
మేము నలుగురం టమాటా వ్యాన్లోంచి
ఖాళీ క్రేట్లు జరుపుకుంటా దిగినాము.
ఏడో తరగతికి సీట్లు పన్నెండు.
ఎంతమంది వచ్చినారని నాయిన అడిగితే
"లెక్కపెట్టుకో సామీ" అన్నాడు వాచ్‌మన్.
నాయిన నిజంగానే లెక్కపెట్టినాడు.
నాలుగు వందల ముప్పై దాకా పోయి
నా మొకం చూసి ఆపేసినాడు.

లోపల నూలుచీర కట్టుకున్న టీచరు
ఇంగ్లీషులో, మెల్లగా,
నీకు ఇష్టమైన చోటు ఏదమ్మా అనింది.
గైడులో లేని ప్రశ్న.
తెల్లారి ఐదింటికి పాల సెంటరు, అన్నా.
ఎందుకు?
క్యాన్ల మూతలు ఒకదాని వెనక ఒకటి తీస్తా ఉంటే
చలికాలం వీధంతా ఆవిరి లేస్తుందని చెప్పాల.
ఆవిరికి ఇంగ్లీషు తెలుసు, లేవడానికీ తెలుసు.
రెండూ కలవలేదు.
మంచి వాసన, అని ఊరుకున్నా.
ఆమె ఏదో రాసుకునింది.
లాక్టోమీటరు పాలల్లో మునిగి, తేలి
ఒక గీత దగ్గర నిలబడేదాకా
పాలు తెచ్చినోళ్ళు ఊపిరి బిగబడతారే,
ఆ పెన్ను ఆగేదాకా నేనూ అంతే.

ఏప్రిల్లో లిస్టు వచ్చింది.
రుహీనా ఏడో పేరు.
పన్నెండు పేర్ల కింద గీత కొట్టి
గీత కింద నేను. నంబరు ఒకటి.
"ఒక్కరు రాకపోతే చాలు,"
పాలు పోసే ప్రతివాళ్ళకూ నాయిన చెప్పినాడు.
అవ్వ గంగమ్మకు మొక్కుకునింది,
ఒక్కరంటే ఒక్కరు రాకూడదు తల్లీ అని.
ఎవరని అవ్వ చెప్పలేదు.
గంగమ్మ కూడా అడిగుండదు.

పదకొండు పేర్లు నాకు తెలియవు.
వాళ్ళలో ఎవరికి జ్వరం రావాల్నో
ఎవరి నాయినకు ట్రాన్స్‌ఫర్ కావాల్నో
ఎంత కళ్ళు మూసుకున్నా మొకాలు రావు.
వచ్చే మొకం ఒకటే,
బుగ్గన సిరా మరక,
ముందు పన్ను కొంచెం వంకర.

మే నెల ఆఖర్న ఆ మొకమే వచ్చి
మెట్లమీద నా పక్కన కూచునింది.
ఫీజు సగమే తగ్గించినారంట.
వాళ్ళ దాదీ అన్నం మానేసిందంట.
"పోవాల్నా?" అనింది.
అంగట్లో కుట్టుమిషను ఆగి
మళ్ళీ తిరిగింది.
"పో," అన్నా.
"నువ్వు నిజంగానే అంటున్నావా?"
"నిజంగానే."

లేచిపోతా పోతా
సంచిలోంచి జవాబుల పేజీ తీసి ఇచ్చింది,
ఎనిమిది మడతలు.
కొళాయిల లెక్క నేను తప్పు చేసినాను.
ఇప్పుడు గైడు వారమంతా నాదే,
ఆదివారం కూడా.